అత్తగారు స్టేక్‌హౌస్ చూసిన సాయంత్రం

మొన్న శనివారం, కోడలికి ప్రమోషన్ వచ్చిన సంతోషంలో, మా అబ్బాయి మమ్మల్నందరినీ ఊరి చివర ఉన్న స్టేక్‌హౌస్‌కు తీసుకుపోయాడు. అమెరికాలోని మా మోరిస్‌విల్‌లో ఇప్పుడు ఇడ్లీ దోసెలు దొరకని వీధంటూ లేదు గాని, నిప్పుల మీద కాల్చిన గొడ్డుమాంసం కోసం మావాళ్ళు ఏడాదికి ఒకటి రెండుసార్లు ఇలాంటి హోటళ్ళకు పోవడం, నేను వాళ్ళ పక్కన కూర్చుని సలాడ్ తినడం ఎప్పటినుంచో ఉన్న అలవాటే. ఈసారి వెళ్ళింది కొత్తగా బాగుచేసిన చోటికి. కుర్చీలో కూర్చోగానే నా చూపు నేల మీదికి పోయింది. నేల అద్దంలా మెరుస్తోంది.

"ఏం వెతుకుతున్నావ్ నానమ్మా, నీ ఇయర్‌రింగ్ పడిపోయిందా?" అంది మనుమరాలు తన అమెరికా యాసలో.

వేరుశెనగకాయల పొట్టు కోసమని చెబితే ఆ పిల్ల నమ్మలేదు. ఒకప్పుడు ఇదే పేరున్న హోటల్‌లో టేబుల్‌కొక చిన్న బకెట్ నిండా వేయించిన కాయలు పెట్టేవారనీ, వచ్చినవాళ్ళు ఒలుచుకు తిని పొట్టు నేల మీదే పారేసేవారనీ, నడుస్తుంటే కాళ్ళకింద కరకరలాడేదనీ వాళ్ళ నాన్న కూడా సాక్ష్యం చెప్పాక గాని ఒప్పుకోలేదు. కాయలు పడనివాళ్ళు ఎక్కువయ్యారని ఆ పద్ధతి మానేశారట. ఆ మాటల మధ్యనే నాకు మా అత్తగారు గుర్తొచ్చారు. పక్కనున్నవాళ్ళు ఏం మాట్లాడుకున్నారో తరువాత నాకు సరిగా వినిపించలేదు.

మా అత్తగారిది అనంతపురం వైపు పల్లె. సేద్యం చేసుకునే కుటుంబమే అయినా ఇంట్లో తరతరాలుగా నీచు ముట్టరు. మామగారు పోయిన తరువాత ఆవిడ మా దగ్గర ఆరు నెలలుండి పోదామని వచ్చారు. అప్పుడు మా అబ్బాయి నాలుగో తరగతో అయిదో తరగతో చదువుతున్నాడు. మావారు రీసెర్చ్ పార్క్‌లో ఒక మందుల కంపెనీలో పనిచేసేవారు, నేను ఆస్పత్రి ల్యాబ్‌లో చేసేదాన్ని. మన దేశంనుంచి వచ్చిన పెద్దవాళ్ళు చాలామంది చలికో ఒంటరితనానికో ముడుచుకుపోవడం చూశాను గాని, ఆవిడకు అవేవీ పట్టలేదు. ఆవిడకు ఉన్నదల్లా ప్రశ్నలు. చెత్తబండి చెయ్యి చాచి డబ్బాను ఎత్తుకుంటే అది ఎట్లా పట్టుకుంటుందో చూడటానికి చెప్పులైనా వేసుకోకుండా బయటికి పరుగెత్తేవారు. పోస్ట్‌మాన్‌ను నిలబెట్టి, భాష రాకపోయినా చేతులతోనే, అన్ని బండ్లకూ ఎడమవైపుంటే అతని బండికి మాత్రం కుడివైపు స్టీరింగ్ ఎందుకుందని అడిగేవారు. పొరుగింటి ముసలాయన గడ్డి కోస్తుంటే, కోసిన గడ్డిని ఏ పశువుకూ వేయకుండా ఏం చేస్తాడని మమ్మల్ని వారం రోజులు వేధించారు.

వీటన్నిటిలోకి పెద్ద ప్రశ్న ఆ స్టేక్‌హౌస్. నేను కూరగాయలకు వెళ్ళే దారిలోనే ఉండేది. ఎర్రదీపాల బోర్డూ, చిమ్నీలోంచి కట్టెల పొగా, వారాంతమైతే గుమ్మం బయట బెంచీల మీద కూర్చుని ఎదురుచూసే జనమూ ఆవిడను లాగేవి.

"ఏమ్మా, ఆడ అంతమంది కూర్చోనుండారే, పెండ్లా?" అని మొదటిసారి అడిగారు. హోటల్ అన్నాను. "హోటల్‌కు బయట కూర్చునేదేంది? లోపల ఏం పెడతారు?" అన్నారు. మాంసం అన్నాను. ఏ మాంసమని అడిగేలోగా సిగ్నల్ పడింది, నేను మాట మార్చాను.

మాట మార్చడానికి కారణముంది. మావారు ఆఫీసువాళ్ళతో అక్కడికి వెళ్ళి తినేవారు. అది నాకు తెలుసు, పిల్లవాడికి తెలుసు, ఆయన తల్లికి తెలియదు. ఆవిడ విమానం దిగే ముందురోజు ఆయన మా ఇద్దరినీ కూర్చోబెట్టి, ఈ ఒక్క విషయం ఇంట్లో ఎత్తవద్దని బతిమాలుకున్నారు. తండ్రి పోయిన దుఃఖంలో ఉన్న తల్లికి ఇంకొక దెబ్బ తగలకూడదని ఆయన బాధ.

దాచిన దాన్ని బయటపెట్టడానికే అన్నట్లు వచ్చింది మా అబ్బాయి బేస్‌బాల్ సీజన్ ముగింపు. కోచ్ ఆ హోటల్‌లోనే భోజనం ఏర్పాటు చేసి, ఇళ్ళలో ఉన్న తాతలూ అవ్వలూ అందరూ రావాలని మరీ మరీ చెప్పాడు. మావారు అమ్మకు ఒంట్లో బాగాలేదని ఏదో అల్లబోయారు గాని, ఆవిడ అప్పటికే పట్టుచీర తీసి మంచం మీద పెట్టుకుని కూర్చున్నారు.

"తినేదానికి కాదురా, చూసొస్తా. చూస్తే కండ్లకు మైల అంటుతాదా?" అన్నారు.

లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా గాజు బీరువాలో ఎర్రటి మాంసపు ముక్కలు వరసగా పేర్చి ఉన్నాయి. మావారు ఆవిడ మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగుతున్నారు. ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోలేదు, మొహం తిప్పుకోలేదు, వంగి నిదానంగా చూశారు. తరువాత వచ్చి పిల్లల టేబుల్ పక్కన కూర్చున్నారు. అక్కడ బకెట్‌లో కాయలు కనబడగానే మాత్రం మొహం వెలిగిపోయింది.

"శెనక్కాయలే!" అంటూ ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూశారు. పొట్టులో ఉన్నదానికి ఎంగిలీ మైలా ఉండవని తనకు తానే తీర్పు చెప్పుకుని ఒలవడం మొదలుపెట్టారు. పొట్టు చీర ఒడిలో పోసుకుంటుంటే కోచ్ భార్య నవ్వి, నేల మీద పారేయమని సైగ చేసింది. ఇంత శుభ్రమైన దేశంలో ఇదేం ఆచారమని ఆవిడ కాసేపు తటపటాయించి, చివరికి ఒక పొట్టు పారేసి, దొంగతనం చేసిన చిన్నపిల్లలా నా వైపు చూశారు. ఇంతలో పాట మారి, వడ్డించే అమ్మాయిలందరూ పనులాపి వరసగా నిలబడి అడుగులేశారు. కోలాటం కట్టెలొక్కటే తక్కువని ఆవిడ తాళం వేశారు. వెండిలా మెరిసే రేకులో చుట్టిన ఉర్లగడ్డ, అదే బంగాళాదుంప, వచ్చింది. దాన్ని కూడా ఆ నిప్పుల దగ్గరే కాల్చి ఉంటారని ముట్టుకోలేదు గాని, రేకు విప్పి లోపల ఎట్లా ఉందో చూశారు.

ఆ తరువాత పిల్లలందరికీ స్టేక్‌లు వచ్చాయి. మావాడి ముందు మాత్రం ఉత్త మాకరోనీ. వాడు అవ్వ వైపూ నాన్న వైపూ చూస్తూ ఫోర్క్‌తో కెలుకుతున్నాడు. అప్పుడు అడిగారు ఆవిడ, ఎదురుగా కూర్చున్న కోచ్‌నే చూస్తూ, కొడుకును తర్జుమా చేయమని.

"ఇది ఆవా, ఎద్దా?"

మావారు నీళ్ళ గ్లాసు అందుకున్నారు. నేనే అడిగాను. కోచ్ తన ఫోర్క్ కింద పెట్టి, ఎద్దు అని చెప్పాడు. ఆవిడ ఊరుకోలేదు. దానికి ఎన్నేండ్లుంటాయి, ఏం మేపుతారు, మేపేది ఎవరు, మేపినవాడే కోస్తాడా అని ఒకదాని వెంట ఒకటి అడిగారు. ఎవరైనా నొచ్చుకుంటారేమోనని నేను బెదిరాను గాని, ఆ మనిషి చాలా శ్రద్ధగా జవాబులు చెప్పాడు. చెబుతూ చెబుతూ తన చిన్నతనంలోకి పోయాడు. ఈ రాష్ట్రంలోనే పడమట, కొండల్లో వాళ్ళ నాన్నకు పశువులుండేవట. ఊరి సంతలో ప్రదర్శించడానికి ఒక దూడను తనకు అప్పగిస్తే, పేరు పెట్టి, స్నానాలు చేయించి, పక్కన పడుకుని పెంచాడట. దానికి మొదటి బహుమతి వచ్చింది, అదే రోజు అమ్మేశారు. తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ పలుపును ఒళ్ళో పెట్టుకుని దారంతా ఏడ్చానని చెప్పాడు. అంత పెద్దమనిషి, పిల్లలందరి ముందూ.

నేను తర్జుమా చేసి ముగించాక అత్తగారు చేతిలోని కాయను ఒలవకుండా అట్లాగే పట్టుకున్నారు.

"మాకూ ఉండె, మైలోడని ఒక బూడిదవన్నె ఎద్దు," అన్నారు చివరికి మనవడితో. "పదేండ్లు దున్నినాడు. ముసలోడైనాక మీ తాత పరసకు, ఎద్దుల సంతకు, తోలకపోయి అమ్మొచ్చె."

"అవ్వా, వాణ్ణి ఎవరు బై చేశారు?" అన్నాడు మావాడు.

"ఎవరో. నడవలేని ఎద్దును ఎవరు కొంటారు నాయనా, ఎందుకు కొంటారు? యాడికి తోలకపోతావని మీ తాత అడగలే. నేనూ అడగలే. ఊర్లో అందరినీ అన్నీ అడిగేదాన్ని, ఆ ఒక్కటి అడగలే. అడిగింటే అమ్మలేకపోతుంటిమి."

నేను ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పలేకపోయాను. కోచ్ కూడా చెప్పమనలేదు. ఆవిడ కొడుకు వైపు తిరిగారు.

"నువ్వు తింటావా, ఈడ?"

ఆయనకు అబద్ధమాడటానికి అదే ఆఖరి అవకాశం. టేబుల్ కింద నా చెయ్యి పట్టుకున్నారు. "తింటానమ్మా. ఎప్పుడన్నా," అన్నారు.

"నేను వచ్చినానని మానుకున్యావా?"

ఆయన తలూపారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది కోపమో, దుఃఖమో, మామగారి జ్ఞాపకమో నాకు ఇప్పటికీ తెలియదు. "దాచిపెట్టుకొని తినొద్దు. దాచుకొని తిన్నది ఒంటబట్టదు," అని మాత్రం అన్నారు.

అన్నంత మాత్రాన సులువుగా సర్దుకున్నారని కాదు. ఇంటికి రాగానే తలస్నానం చేశారు. తన పప్పు గిన్నె, తన గరిటె వేరుగా పెట్టుకున్నారు. చాలా రోజులు కొడుకుతో అవసరానికి మించి మాట్లాడలేదు, పెరట్లో కూర్చుని ఆకాశం చూసేవారు. పోస్ట్‌మాన్ వచ్చినా లేచేవారు కాదు. ఆవిడ ప్రశ్నలు ఆగిపోయిన ఆ రోజులు మా ఇంట్లో ఎంత బరువుగా గడిచాయో చెప్పలేను. మావారికి నిద్రపట్టేది కాదు. ఒక ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ, అత్తగారు ఉన్నట్టుండి, "అది తింటే రుచి ఎట్లుంటాదిరా?" అని అడిగారు. ఎన్నో పరిశోధన వ్యాసాలు రాసిన మనిషి, మా ఆయన, ఆ ఒక్కదానికి మాత్రం ఉప్పూ మిరియాలూ పొగ వాసనా అని ఊరుకున్నారు. "ఓస్, అంతేనా," అన్నారావిడ. ముగ్గురం నవ్వుకున్నాం.

ఆవిడ తిరిగి వెళ్ళిపోయాక, మావారు ఫోన్ చేసినప్పుడల్లా ఆ సంగతీ చెప్పేవారు. నిన్న తిన్నానమ్మా అంటే, అవతలినుంచి, మెత్తగా ఉండెనా, ఎవరెవరు పోతిరి, ఆ కోచ్ బాగుండాడా అని వరసగా ప్రశ్నలు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆయన ఆ అలవాటు మానలేదు. తల్లీ కొడుకులు ఇద్దరూ ఇప్పుడు లేరు.

మొన్న మా టేబుల్ మీద ఒక చిన్న తెర ఉంది. ఏం కావాలో దాని మీదే నొక్కవచ్చు. ఆ పశువు ఏ రాష్ట్రంలో పెరిగిందో, ఏం తిని పెరిగిందో కూడా అందులో వివరంగా రాసి ఉంది. మనుమరాలికి ఏ సందేహం వచ్చినా ఫోన్ క్షణంలో తీర్చేస్తోంది. మంచిదే, నేనూ వాడుతున్నాను. కాని ఎదుటి మనిషి ఫోర్క్ కింద పెట్టి, గొంతు సవరించుకుని, తన చిన్నతనం దాకా పోయి జవాబు తెచ్చే అవసరం ఇప్పుడు ఎవరికీ రావడం లేదు. మేమందరం తిని, తెర మీదే బిల్లు కట్టి, లేచి వచ్చేశాం. పక్క టేబుల్ దగ్గర నా వయసావిడే ఎవరో, మనవళ్ళ మధ్య, నా లాగే మాట లేకుండా కూర్చుని ఉంది. కారెక్కాక గాని తోచలేదు, ఆవిడను పలకరించి ఉండవలసిందని.