మిరప కల్లంలో మబ్బు నీడ

మా అమ్మాయి చిన్మయిని బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాను. బడిలో ఉన్నన్నాళ్లూ దాని మీద ఒకటే ఫిర్యాదు. పరధ్యానమట, పాఠం వినకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుందట.

ఈ రోజు మధ్యాహ్నం చిలకలూరిపేట దగ్గర మా పిన్ని వాళ్ల మిరప కల్లానికి వెళ్లాం. ఆడవాళ్లు వరసగా కూర్చుని ఎర్ర కాయల్లోంచి తెల్లబడిన తాలు కాయలు ఏరుతున్నారు. పిన్ని చిన్మయిని పక్కన కూర్చోబెట్టుకుని, నేను భయపడే ప్రశ్నే అడిగింది.

"ఏం క్లాసే నువ్వు?"

"క్లాసు లేదు అమ్మమ్మా. పొద్దున లెక్కలు, తెలుగు. మధ్యాహ్నం ఊరికే చూస్తా."

"ఏం చూస్తావే ఊరికే?"

"అదిగో, మబ్బు వస్తోంది. దాని నీడ పడితే కాయల రంగు ఎలా మారుతుందో చూడు."

కాయలు ఆరే రోజుల్లో మబ్బు మాటెత్తితేనే పిన్నికి గుండె గుభేలుమంటుంది. ఇక నాకు చీవాట్లే అనుకున్నాను. ఈలోగా నీడ వచ్చేసింది. కల్లం ఆ చివర నుంచి ఎరుపునంతా మెల్లగా ముదురు చేస్తూ మా ఒళ్లోకి వచ్చి, కాసేపు నిలిచి, అవతలి పత్తి చేల మీదికి వెళ్లిపోయింది. ఏరే చేతులన్నీ ఆగిపోయాయి.

"మళ్లీ ఎప్పుడొస్తుందే?" అంది పిన్ని, మబ్బు గురించి.

ఇంటికొచ్చి రేపటి టైంటేబుల్ రాస్తున్నాను. మధ్యాహ్నం పీరియడ్‌కి ఏం పేరు పెట్టమంటారు? పరధ్యానం అని తప్ప ఏదైనా చెప్పండి.