మృదంగం ఎడమవైపు

హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చిన కొత్తలో కొత్తగూడలో ఇల్లు కిరాయికి తీసుకున్నాను. చుట్టూ ఇంకా బండలే. వాటిని పేల్చినప్పుడల్లా కిటికీ అద్దాలు దడదడలాడేవి. కంటి ఆపరేషన్ కోసం బెజవాడ నుంచి వచ్చిన మా మామయ్య, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని అప్పుడు నా దగ్గరే ఉన్నాడు.

మామయ్య మృదంగం వాయించేవాడు. ఒకప్పుడు ఏదో కచేరీలో గాయకుడు తాళం తప్పితే, మామయ్య చటుక్కున సర్ది పాటను నిలబెట్టాడని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవారు. ఆ గాయకుడు మామయ్య ప్రాణస్నేహితుడే. ఆ తర్వాత ఆయన కచేరీలు మానుకుని, జీడిమెట్లలో పిల్లలకు సంగీతం చెప్పుకుంటూ ఉండిపోయారు. "పాపం, తాళం లెక్క దగ్గర కాస్త తడబడతాడు" అనేవాడు మామయ్య. ఆ మాటలో జాలే తప్ప ఎగతాళి ఉండేది కాదు.

ఆఫీసులో నా పక్క సీట్లో కూర్చునే మిత్రుడు కోఠి అంతా తిరిగి నాకు పెద్ద స్పీకర్లు కొనిపెట్టాడు. ఓ ఆదివారం పొద్దున వచ్చి బిగించి, సినిమా పాట వేసి పెదవి విరిచాడు.

"సినిమా పాటల బేస్ ఊకె దద్దరిల్లుతది అన్నా. దాంతోని ఏం తెల్వదు. మృదంగం క్యాసెట్ ఉంటే తియ్యి. ఎడమదిక్కు దెబ్బ గుండ్రంగ రావాలె."

నా దగ్గరున్న ఆ పాత కచేరీ క్యాసెట్టే గుర్తొచ్చింది. మామయ్య సంతోషిస్తాడనుకున్నాను.

అప్పటిదాకా దాన్ని చిన్న టేప్ రికార్డర్‌లోనే విన్నాం. అందులో పాటా, మృదంగం కుడివైపు టకటకలూ తప్ప మరేమీ తెలిసేది కాదు. ఇప్పుడు ఎడమవైపు దెబ్బలు నేలలోంచి వచ్చి పాదాలకు తగులుతున్నాయి. తాళం తప్పిన చోటు దాటగానే, తొడమీద తాళం వేస్తున్న మామయ్య చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ వెయ్యమన్నాడు. నేను మురిసిపోయి వేశాను. మిత్రుడు సౌండు పెంచాడు. మూడోసారి ఎవరూ అడక్కుండానే వెనక్కి తిప్పి వేసి, "ఆ దెబ్బ ఎంత లోతుగా పలికిందో చూడు మామయ్యా" అన్నాను.

మామయ్య అద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"అది అరక్షణం ముందు పడిందిరా. తప్పింది నేను. వాడు నన్ను నమ్ముకుని పల్లవి ఎత్తుకున్నాడు."

మిత్రుడు నా మొహంలోకి చూసి స్పీకర్లు ఆపేశాడు. ఆ పూట మామయ్య అన్నం ముట్టలేదు. కావాలని చేసింది కాదుగదా అని ఎంత సర్దిచెప్పుకున్నా, ఆ మూడోసారి తలుచుకుంటే సిగ్గేసేది.

బయట తిరగొచ్చని డాక్టరు చెప్పగానే మామయ్య స్కూటరు మీద జీడిమెట్ల, ఆ స్నేహితుడి దగ్గరికి తీసుకెళ్ళమన్నాడు. వద్దందామని దారంతా అనుకున్నాను, అనలేకపోయాను. పాఠం అయి పిల్లలు వెళ్ళాక, మామయ్య చాపమీద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ స్నేహితుడు కోప్పడలేదు. చాప అంచు సవరిస్తూ అన్నారు:

"తాళం నావల్ల కాదని నమ్మి కచేరీలు మానేశాను. ఇప్పుడొచ్చి కాదంటే నేనేం చేసుకోనురా?"

కాఫీ తాగాం. ఇదివరకు ఎప్పుడు కలిసినా ఇద్దరూ ఓ గంటైనా పాడుకుని వాయించుకునేవారట. ఆ రోజు మృదంగం మూలనుంచి కదల్లేదు. గుమ్మందాకా వచ్చిన ఆయన, స్కూటరు మెల్లగా నడపమని మాత్రం నాతో అన్నారు.

ఇంటికొచ్చాక ఉండబట్టలేక, ఆ క్యాసెట్ వెయ్యకుండా ఉండాల్సిందన్నాను.

"వెయ్యకపోతే వాడే తప్పినవాడుగా ఉండిపోయేవాడు కదరా" అన్నాడు మామయ్య.

ఆ మాట నన్ను ఓదార్చడానికే అన్నాడని తెలుస్తూనే ఉంది. తర్వాత కూడా వాళ్ళిద్దరూ కలుస్తూనే వచ్చారు, కలిసి భోంచేసేవారు. పాట మాత్రం, నాకు తెలిసి, మళ్ళీ ఎత్తుకోలేదు.