మా వదిన గొంతులు

మంగళవారం పొద్దున మదనపల్లె నుంచి మా అన్న కూతురు ఫోన్ చేసింది. "చిన్నాయనా, అమ్మ పోయింది" అంది. "రాత్రి సంగటి తినింది, చేయి కడుక్కునింది, పండుకునింది. తెల్లారి లేపితే లెయ్యలేదు." "నువ్వు వస్తావా?" అని అడిగింది.

ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో నాకు తెలుసు. నేను ఆ ఇంటి గడప తొక్కి చాలా ఏళ్ళయింది. పెళ్ళిళ్ళలో, చావుల్లో ఎక్కడైనా ఎదురుపడితే వదినతో రెండు మాటలు మాట్లాడేవాణ్ణి. అన్నతో అదీ లేదు.

కుప్పంలో బస్సెక్కాను. పలమనేరు, పుంగనూరు మీదుగా మదనపల్లె. ఎనభైల మొదట్లో ఒకసారి ఇదే దారిలో, ఎదురు దిక్కుగా, ఇంట్లోవాళ్ళం, ఒక స్నేహితుడు కలిసి కుప్పానికి వచ్చాం. మా వదిన తాను కోరి చేసిన ప్రయాణం నాకు తెలిసి అదొక్కటే. మిగతావన్నీ ఎవరో తీసుకుపోతే పోయినవి.

నేను చేరేసరికి ఆమెను వసారాలో పడుకోబెట్టి ఉన్నారు. పక్కనే కుర్చీలో మా పుంగనూరు బావ, అంటే మా పెద్దక్క మొగుడు, కూర్చుని వచ్చినవాళ్ళకు చెబుతున్నాడు. "నోట్లో నాలుక లేని మనిషప్పా. ఒక్క మాట ఎదురు చెప్పి ఎరగదు." అందరూ తల ఊపుతున్నారు. చచ్చిపోయిన ఆడవాళ్ళ గురించి మనవాళ్ళు చెప్పే మంచిమాటలు నేను చాలా విన్నాను, పుస్తకాల్లో చాలా చదివాను. వడగట్టి చూస్తే మిగిలేది ఒకటే: నోరు మూసుకుని బతికింది. మా వదిన విషయంలో అది అబద్ధం. ఆ నోరు ఎవరు మూయించారో చూసిన పెద్దవాళ్ళలో ముగ్గురం మిగిలాం. ఇద్దరు చెప్పరు.

ఆమె నిమ్మనపల్లె అవతల ఒక మెట్టపల్లె నుంచి మా ఇంటికి కోడలుగా వచ్చింది. ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. అన్నకు చెనక్కాయల మండీ ఉండేది. విత్తనాల కాలంలో మధ్యాహ్నాలు ఇంట్లో కాయలు ఒలిచేవాళ్ళు. వీధిలోని పిల్లలంతా పిలవకపోయినా వచ్చి కూర్చునేవాళ్ళు, ఆమె చెప్పే కథల కోసం. నేను కాలేజీ నుంచి వస్తూ గ్రంథాలయంలో పిల్లల పత్రికలు తెచ్చేవాణ్ణి. వాటిలోని బొమ్మల కథలు ఆమె నాకంటే ముందు చదివేసేది. చదివింది చదివినట్టు చెప్పేది కాదు. రాజుకు మా మండీ గుమాస్తా గొంతు, రాక్షసుడికి మా అమ్మ గొంతు. మా అమ్మ పక్కగదిలో ఉంటే రాక్షసుడు నెమ్మదిగా మాట్లాడేవాడు. చెనక్కాయ పొట్టు నిలబెడితే గుర్రం, తిరగేస్తే పడవ.

పెరట్లో పేడనీళ్ళు చల్లిన నేల మీద ముగ్గుపిండితో ఆ పాత్రల బొమ్మలు వేసేది. సాయంత్రం అన్న వచ్చే వేళకు చిమ్మేసేది. "అంత బాగా వేసి యాల తుడిచేస్తావు వదినా?" అని ఒకసారి అడిగాను. "తుడిచేది లేకపోతే రేపు గీసేదానికి చోటు యాడుండాదప్పా?" అంది.

ఇక్కడ మా అన్న మొక్కు గురించి చెప్పాలి. చిన్నప్పుడు అతనికి అమ్మవారు పోసి బతకడం కష్టమైతే, మా అమ్మ గంగమ్మకు మొక్కుకుంది: పిల్లవాడు బతికితే ఏటేటా జాతరకు ఆడవేషం వేయిస్తానని. మా సీమలో అది వింత కాదు. పెళ్ళయ్యాక ఆ చీర కట్టే పని వదినది. తన పెళ్ళిచీరే కట్టేది. అన్న మీసం గొరిగించుకుని, నడింట్లో రెండు చేతులూ పక్కలకు ఎత్తి, చేనులో దిష్టిబొమ్మలా నిలబడేవాడు. ఆమె చుట్టూ తిరిగి చీర చుట్టి, మోకాళ్ళ మీద కూర్చుని కుచ్చిళ్ళు సర్దేది. "ఎత్తు... ఇంకొంచెం ఎత్తు. ఆఁ, ఇంక దించు." అన్నవి వెడల్పు భుజాలు. జాకెట్టు దగ్గర నాలుగైదు పిన్నులు పెడితే గానీ పైట నిలిచేది కాదు. తర్వాత సవరం, పూలు, గాజులు, కాటుక. అతను వీధిలో నడుస్తుంటే జనం కాళ్ళకు మొక్కేవాళ్ళు. మా బావా మొక్కాడు. నేను కళ్ళారా చూశాను.

మేం కుప్పం పోయిన ఆ ఏడు ఒక పిల్లల పత్రికలో ప్రకటన వచ్చింది. బొమ్మల కథలంటే ఇష్టమున్న పాఠకులంతా కుప్పంలో ఒక సత్రంలో కలుసుకుంటారట. మద్రాసు నుంచి బొమ్మలు వేసేవాళ్ళు వస్తారట. బెంగళూరు నుంచి జపానువాళ్ళ బొమ్మల సినిమా తెచ్చి ఆడిస్తారట. ఎవరికి నచ్చిన పాత్ర వేషంలో వాళ్ళు రావచ్చట. వదిన ఆ కాగితం చించి పోపులపెట్టె కింద పెట్టుకుంది. రోజూ తీసి చదివేది. చివరికి కూతురి చేత అడిగించింది. "పిల్లోళ్ళ సినిమానే గదా, పోదాం పా" అన్నాడు అన్న.

అన్న, వదిన, వాళ్ళ పాప, నేను, నా స్నేహితుడైన ఒక టైలరు. పుంగనూరులో బావ ఎక్కాడు. కుప్పంలో ఎవరితోనో చింతపండు బేరం ఉందన్నాడు. పాపకు వదిన సొంత కథలోని రాకుమారి వేషం, అట్టకిరీటం. టైలరు దొంగ. అతనికి మీసం వదినే చేసింది, అన్న జాతరకు పెట్టుకునే సవరంలోంచి కొంచెం వెంట్రుకలు కత్తిరించి. దారంతా వాడిదే వాగుడు. "మీసం ఇచ్చినావు సరే వదినా, దొంగిలించేదానికి ఏమన్నా సూపించల్ల గదా?" "మీ బావ జేబు ఉండాది సూడు" అంది వదిన. బావతో సహా అందరం నవ్వాం.

సత్రంలో జనాన్ని చూడగానే టైలరు వెనక్కి తగ్గాడు. టీ తాగొస్తానని పోయినవాడు రాలేదు. వేదిక మీదికి పిలిచారు. దొంగ లేకుండా నేను పోనని పాప ఏడుపు. వదిన ఇటూ అటూ చూసింది. తుమ్మబంక రాసి ఆ మీసం తానే అంటించుకుంది. అన్న భుజం మీది తువ్వాలు లాగి తలకు చుట్టుకుంది. పాప చెయ్యి పట్టుకుని ఎక్కింది. నుదుట అంత బొట్టు, కింద అంత మీసం. పిల్లలు ఈలలు వేశారు. అన్న కూడా నవ్వాడు. అది నేను దాచను.

తర్వాత తలుపులు మూసి సినిమా మొదలుపెట్టారు. ఒక ముసలి జాలరి, అతని మనవరాలు, ఒక పెద్ద చేప. మాటలన్నీ జపాను భాషలో. కింద ఇంగ్లీషు అక్షరాలైనా ఉంటాయనుకున్నారు, అవీ లేవు. పిల్లలు గోల మొదలుపెట్టారు. అప్పుడు చీకట్లోంచి ఒక ముసలాయన గొంతు వినిపించింది. "ఏం చేపవే నువ్వు? ఆడ మా చేన్లు ఎండి సస్తాంటే నీకొక్కదానికే ఇన్ని నీళ్ళా?" తెర మీద చేప నోరు తెరిచింది. బొంగురు గొంతు బదులిచ్చింది. "నీళ్ళు నాయి కావప్పా. నేనూ ఈడ బాడుగకే ఉండాను."

సత్రం కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. ప్రొజెక్టరు నడిపే అతను దాని మాటల శబ్దం తగ్గించేశాడు. సినిమా అయ్యేదాకా జాలరి, మనవరాలు, చేప, గాలి, పడవ అన్నీ మా వదినే. చేప వల తెంచుకుని వెళ్ళిపోయేటప్పుడు ఆమె గొంతు మార్చలేదు. తన సొంత గొంతుతోనే, "పోతాండా తాతా, నన్ను తలుచుకో" అంది. ముందు వరసలో ఒక పిల్లవాడు వెక్కి ఏడ్చాడు.

దీపాలు వెలిగాయి. మద్రాసు నుంచి వచ్చిన చిత్రకారుడు లేచి ఆమె దగ్గరికి వచ్చాడు. "ఆ మాటలు ఎవరు రాసిచ్చారమ్మా?"

"రాసేదేముందన్నా? వాళ్ళ మూతులు సూస్తే తెలిసిపోలేదా?"

"నెలకో కథ చెప్పండి చాలు. బొమ్మలు నేను వేస్తాను. పత్రికలో మీ పేరే వేయిస్తాను."

ఆమె అన్న వైపు చూసింది. నోటితో ఏమీ అడగలేదు. ఇంతవరకూ నేను అంత గట్టిగా ఎవరూ ఎవరినీ ఏదీ అడగడం చూడలేదు. మా అన్న, ఒట్టు, ఒప్పుకోబోయాడు. "నెలకొకటేనా?" అన్నాడు, బేరమాడేవాడిలా, సంతోషంగా.

అప్పుడు మా బావ పదిమందికీ వినపడేటట్టు అన్నాడు: "ఏం బామ్మర్దీ, మీ ఇంట్లో మీసాలు ఎవురికి? ఇంక నువ్వు పోయి సంగటి కెలుక్కో!"

నవ్వారు. అందరూ కాదు, కొందరే. అది చాలు. అన్న ముఖం నల్లబడింది. ఆమె తల మీది తువ్వాలు లాగి, ఆ తువ్వాలుతోనే మీసం పట్టి పీకాడు. బంక ఎండిపోయి ఉంది. పైపెదవి మీద తోలు లేచొచ్చింది. ఆమె అరవలేదు. పాప అరిచింది. "మా ఇంటి ఆడోళ్ళు ఈ తైతక్కలకు రారు సామీ" అని ఆ చిత్రకారుడికి చెప్పి, ఆమె మోచెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు.

పలమనేరు బస్టాండులో నేను ఆగలేకపోయాను. "నువ్వు చీర కట్టుకుంటే భక్తి, ఆమె మీసం పెట్టుకుంటే సిగ్గా?" అన్నాను.

"అది మొక్కురా. ఇదీ అదీ ఒకటేనా? ఇంకొక మాట మాట్లాడితే నువ్వు నా ఇంట్లో ఉండొద్దు."

"ఉండను."

వదిన బెంచీ మీద కూర్చుని ఉంది, చెంగు పెదవికి అదుముకుని. తల ఎత్తకుండా అంది: "నువ్వు అరిచి బస్సెక్కి పోతావప్పా. ఆడ ఉండాల్సింది నేను."

చాలా పుస్తకాలు చదివాను. అయినా ఆమె అన్నట్టే తిరుగు బస్సెక్కి కుప్పానికి పోయాను. కుప్పంలోనే చిన్న ఉద్యోగం చూసుకుని అక్కడే ఉండిపోయాను.

మరుసటి ఏడు జాతరలో దూరంనుంచి అన్నను చూశాను. అదే చీర. కుచ్చిళ్ళు ఎప్పటిలాగే గీత గీసినట్టు ఉన్నాయి. కథల సంగతి మాత్రం పాప పెద్దయ్యాక చెప్పింది. "అమ్మ కథలు మానలేదు చిన్నాయనా. అడిగితే చెప్తాది. కానీ అందరికీ ఒకటే గొంతు. రాజుకీ అదే, దెయ్యానికీ అదే. ఇంక మేమే అడిగేది మానుకున్నాం." పెరట్లో బొమ్మలు కూడా ఆగిపోయాయి. చిమ్మడానికి ఏమీ లేని నేలను ఆమె రోజూ చిమ్మేదట.

ఇప్పుడు కాలం మారింది అంటారు. మా అన్న మనవరాలు బెంగళూరులో చదువుతోంది. అక్కడ జపాను బొమ్మల సినిమాల అభిమానులంతా ఏటా ఒకచోట చేరతారు. పోయిన ఏడు ఆ పిల్ల స్నేహితులతో కలిసి మగవీరుడి వేషం కట్టుకుని వెళ్ళింది, కత్తీ మీసంతో సహా. అంగీ కుట్టిచ్చింది మా వదిన. "నువ్వూ రా అవ్వా" అంటే, "మీసం బంకతో అంటించొద్దు నాయనా, తీసేటప్పుడు నొస్తాది" అందట. ఆ ఫోటోను మా అన్న ఫోనులో పెట్టుకుని బజారులో ప్రతివాడికీ చూపించాడు. మా బావ దాన్ని చూసి శభాష్ అన్నాడట. మంచిదే. శభాష్‌లు ఇంతకాలం ఎక్కడ దాచుకున్నారో మరి.

మంగళవారం వసారాలో బావ మళ్ళీ ఆ పాటే ఎత్తుకున్నాడు, నోట్లో నాలుక లేని మనిషని.

"నాలుక ఉండె బావా. కుప్పంలో నువ్వూ విన్నావు గదా" అన్నాను.

బావ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "కుప్పమా? కుప్పానికి మనం యాడ పోయినామప్పా?"

అబద్ధమాడలేదు. నిజంగానే అతనికి గుర్తు లేదు. ఒక మనిషి నోరు మూయించిన మాట, అన్నదమ్ములను విడదీసిన మాట, అతని నోట్లోంచి తాంబూలం ఉమ్మినట్టు వచ్చి పోయింది. ఇన్నేళ్ళుగా అతనికి చెప్పాలని ఎన్నో మాటలు దాచుకున్నాను. మరిచిపోయినవాణ్ణి ఏం చెయ్యగలం?

స్నానం చేయించే వేళయింది. "అమ్మకు పెళ్ళిచీరే కడదాం" అని పాప లోపలి నుంచి తెచ్చింది. దాన్నింకా పాప అంటే నవ్వుతారు, యాభై దాటింది. కొంగు ఏ వైపుందో చూడటానికి తను, ఇంకో ఆమె వసారాలోనే చీర విప్పి పట్టుకున్నారు. అంచు మీద పాత కాటుక మరక. పైట దగ్గర పిన్నులు దిగిన తుప్పు బొక్కలు, వరసగా. వదిన సన్నటి మనిషి. ఆమెకు అన్ని పిన్నులు ఎప్పుడూ అవసరం పడలేదు.

అన్న గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. చీర విప్పుతుంటే చూశాడు. గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేశాడు. రెండు చేతులూ మెల్లగా పక్కలకు ఎత్తాడు.

పాప చీర మడిచి గదిలోకి వెళ్ళిపోయింది. అన్న చేతులు అట్లాగే ఉన్నాయి. దించమని ఎవరో చెబుతారన్నట్టు అతను తలుపు వైపే చూస్తున్నాడు.