మా అక్క మెచ్చిన నరం

మా అక్క ల్యాబ్‌లో రక్తం తీస్తుంది. అందుకే ఎవరి మొహమూ చూడదు, మోచేతి మడతే చూస్తుంది. బస్సులో పై కడ్డీ పట్టుకుని నిలబడ్డ ఒకాయన మీద మనసుపడి, ఇంటికొచ్చి చెప్పేసింది.

"మనిషి ఎలా ఉంటాడే?" అంది అమ్మ.

"నరం తాడులా ఉంటుందమ్మా. కళ్ళు మూసుకుని గుచ్చొచ్చు."

అమ్మ నెత్తి కొట్టుకుంది. పెళ్ళి మాత్రం అయింది.

మొన్న బావకి జ్వరమొచ్చింది. అక్క సంబరంగా చేతికి పట్టీ బిగించింది. సూది కనబడగానే బావ కళ్ళు తేలేసి కుర్చీలోంచి జారిపోయాడు. ఆ గొప్ప నరం ఎక్కడ దాక్కుందో, ఎంత తట్టినా దొరకలేదు.

మొహం చూసి మోసపోయినవాళ్ళు ఊరినిండా ఉన్నారు. నరం చూసి మోసపోయింది మా అక్క ఒక్కతే.