గుండుసూదుల గొంతు

రాజుల పట్టాభిషేకాలకు చరిత్రకారులు తేదీలు వేశారు గాని, మూడో తరగతి టీచరమ్మ గొంతు సవరించుకోవడం ఏనాడు మొదలుపెట్టిందో ఎవరూ రాసిపెట్టలేదు. చరిత్రకు ఇది తీరని లోటు. ఏడాదికోసారి ఆవిడ బీరువాలోంచి వారసత్వం గురించిన బొమ్మల పుస్తకం తీసి, బొమ్మలు పిల్లలవైపు తిప్పి పట్టుకుని, రెండుసార్లు “అహ్హెం... అహ్హెం” అనేది. అంతే, చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం. తనిఖీకొచ్చిన అధికారికి కూడా ఆ గదిలో అంత మర్యాద దక్కలేదు.

పుస్తకంలో కథ పెద్దదేమీ కాదు. ఒక ముసలమ్మ పాత ట్రంకు పెట్టె తెరిచి, మనవరాలికి ఒక్కొక్కటే చూపిస్తుంది. తాత కళ్లజోడు, ముత్తవ్వ దువ్వెన, అతుకుల దుప్పటి. దుప్పటి బొమ్మ రాగానే టీచరమ్మ పెదాలు బిగించి, ఎడమ మూలనుంచి మాటలు జారవిడిచేది: “తొందరపడకే తల్లీ. తొందరపడితే కుట్టు ఊడుతుంది. ఊడితే మళ్ళీ నేనే కుట్టి చావాలి.” పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు.

ఆ గొంతు టీచరమ్మ వాళ్లమ్మది. అమ్మ బట్టలు కుట్టేది. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని మాట్లాడీ మాట్లాడీ, చివరికి సూదులు లేనప్పుడు కూడా నోరు ఒక పక్కే తెరుచుకునేది. “అత్తయ్యగారూ, రెండో పక్క దేనికి దాచిపెట్టారు?” అని అల్లుడు వేళాకోళమాడితే, “నిన్ను తిట్టడానికి నాయనా. ఇంకా ముట్టుకోలేదు” అనేది.

తన గొంతు బడిలో కథ చెబుతోందని ఆ తల్లికి తెలియదు. తెలిస్తే చీవాట్లు తప్పవని కూతురు దాచింది. ఎప్పుడో తీరిగ్గా చెప్పి నవ్వించాలనుకుంది. ఈ ఏటి సెలవుల్లో అమ్మ పోయింది.

కుట్టుమిషను మిగిలింది, కత్తెర మిగిలింది, ఫొటోలు మిగిలాయి. గొంతు మిగల్లేదు. టీచరమ్మ ఫోనంతా గాలించింది. ఒక పుట్టినరోజు వీడియోలో అమ్మ ఉంది గాని, తియ్యొద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకుని, మాట్లాడకుండా ఉంది. రోజూ తిట్టే మనిషి మాటలు ఎవరు రికార్డు చేసుకుంటారు? వంటింట్లో నిలబడి తనే ఆ గొంతు పెట్టి చూసింది. ఎవరో అమ్మను వెక్కిరిస్తున్నట్టు వచ్చింది. మళ్ళీ ప్రయత్నించింది. ఈసారి అదీ రాలేదు.

“ఏమైంది?” అన్నాడు భర్త, గదిలోంచి.

“ఏం లేదు. దగ్గు.”

బడి తెరిచారు. పుస్తకం చదివే రోజు రానే వచ్చింది. ఆవిడ గొంతు సవరించుకోలేదు. దుప్పటి బొమ్మ దగ్గర అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివేసి, పేజీ తిప్పబోయింది.

“టీచర్, ఒక మాట వదిలేశారు!” ముందు బెంచీలో రెండుజడల పిల్ల లేచింది.

“ఏ మాట?”

“అదే, కుట్టు ఊడే మాట.”

“పుస్తకంలో లేదమ్మా. కావాలంటే వచ్చి చూసుకో.”

పిల్ల వచ్చి, వేలు పెట్టి అక్షరమక్షరం వెదికింది. నిజంగానే లేదు. అంగట్లో మోసపోయిన దానిలా ముఖం పెట్టింది. “ఉందని మా అక్క చెప్పిందే! అది మీ దగ్గరే చదివింది. నేను గబగబా తింటుంటే రోజూ అదే అంటుంది.”

“ఎలా అంటుంది?”

పిల్ల చేతులు వెనక్కి కట్టుకుని, రెండుసార్లు గొంతు సవరించుకుంది. పెదాలు బిగించి ఎడమ మూల మాత్రం తెరిచింది. “తొందరపడకే తల్లీ. తొందరపడితే కుట్టు ఊడుతుంది...”

ఆ పిల్ల జన్మలో గుండుసూది నోట పెట్టి ఎరగదు. అయినా మాటకీ మాటకీ మధ్య సన్నగా ఈల వేసినట్టు ఒక చప్పుడు వచ్చింది, సూదుల సందులోంచి గాలి పోయే చప్పుడు. వంటింట్లో టీచరమ్మకు దొరకనిది అదే. ఆవిడ బల్ల అంచు పట్టుకుంది.

“మళ్ళీ అను.”

అంది.

“ఇంకొక్కసారి.”

పిల్లకు విసుగొచ్చింది. “ఏం టీచర్, మీకు రాదా?”

“రావడం లేదమ్మా.”

“నాకొచ్చు టీచర్! మా అన్న నేర్పాడు!” అని వెనక బెంచీ. “వాడికి రాదు టీచర్, మేక అరిచినట్టు అంటాడు!” అని పక్క బెంచీ. మరుక్షణం తరగతి తరగతంతా గొంతు సవరించుకుంది. గదినిండా ముసలమ్మలే, తొందరపడొద్దని ఒకరినొకరు మందలించుకుంటూ. టీచరమ్మ పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుంది. బొమ్మలు ఎప్పటిలాగే పిల్లలవైపు ఉన్నాయి గనక ఎవరికీ అనుమానం రాలేదు.

పక్క గది లెక్కల మాస్టారు తలుపు తోసి తొంగిచూశాడు. “ఏమిటమ్మా, పిల్లలందరికీ ఒకేసారి దగ్గు పట్టుకుందా?” అన్నాడు. జవాబు కోసం ఆగకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు. ఆయన గదిలో ఎక్కాలు జరుగుతున్నాయి.