ఎక్కువ పాయింట్లు

మా అమ్మాయి ప్రాక్టీసు చేసినన్నాళ్ళూ రింకు బెంచీ మీద కూర్చుని ఈ స్పీడ్ స్కేటింగ్ ఆట లెక్క నాకు నేనే నేర్చుకున్నాను. మంచు మీద నాలుగు దూరాల రేసులుంటాయి. ప్రతి రేసులోనూ ఐదువందల మీటర్లకు సగటున ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, అన్నీ కూడతారు. ఆ సెకన్లే పాయింట్లు. తక్కువ ఉన్నవాళ్ళది పైచేయి. మూడు రేసుల తర్వాత మొదటి ఎనిమిదిమందికే నాలుగోది. మిగతావాళ్ళు బూట్లు విప్పుకోవడమే.

ఆ అంతర్జాతీయ పోటీలో రెండు రేసులయ్యేసరికి మా అమ్మాయిది తొమ్మిదో స్థానం. ఎనిమిదో స్థానంలో ఉన్న డచ్ పిల్ల 0.40 పాయింట్లు ముందుంది. మూడోది పదిహేనువందల మీటర్లు, అంటే మూడు ఐదువందలు. ఇద్దరిద్దరిని కలిపి వదుల్తారు, వీళ్ళిద్దరూ ఒకే జోడీ.

"ఎంత కావాలి అమ్మా?"

"1.2 సెకన్ల కంటే ఎక్కువ తేడాతో కొట్టాలి."

"దట్స్ ఎ లాట్."

"అవును."

మా ఊరు ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి మా తెలుగు చర్చివాళ్ళు వ్యాన్ వేసుకొచ్చారు. మా సంఘపెద్ద భార్య, అందరికీ ఆంటీయే, లడ్డూల డబ్బా ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చుంది.

చివరి మలుపులో మా అమ్మాయి ముందుకొచ్చేసింది. ముందే గీత దాటింది. ఆంటీ గంతేసింది. నేను గడియారం చూశాను. తేడా 1.11. మూడుతో భాగిస్తే 0.37. ఇంకా 0.03 మిగిలింది.

"చూడమ్మా, బోర్డు మీద మనమ్మాయికే ఎక్కువ పాయింట్లు! గ్రూపులో పెట్టేశాను, ఫైనల్‌కి వెళ్ళిందని. తల్లివి, నోరు తీపి చేసుకో!"

"ఆంటీ, ఇందులో తక్కువ రావాలి."

"అదేం ఆటమ్మా! గెలిచింది కదా, నా కళ్ళతో చూశాను."

"జోడీలో గెలిచింది. పోటీలోంచి పోయింది."

వెనకనుంచి ఆవిడ భర్త నవ్వాడు. "మా ఆవిడ ప్రార్థన పనిచేసిందండీ. పాయింట్లు పెంచమని అడిగింది, దేవుడు పెంచాడు!"

అప్పటికే అమ్మాయి మా వెనక నిలబడి ఉంది. ఆంటీ లడ్డూల డబ్బాకి మూత పెట్టి, ఫోన్‌లో మెసేజ్ డిలీట్ చేసింది.

"పోనీలేమ్మా, ఈసారి తక్కువ తెచ్చుకో" అంది. తర్వాత మొగుడి వైపు తిరిగి, "ఇంక మనవాళ్ళెవరూ లేరుగా. ట్రాఫిక్‌లో పడకముందే పోదామా?"

వ్యాన్ వెళ్ళిపోయింది. మేమిద్దరం ఉండిపోయాం. నాలుగో రేసు, ఐదువేల మీటర్లలో డచ్ పిల్లకి సగంలోనే కాళ్ళు చచ్చుబడ్డాయి. చివరి రౌండ్లు ఈడ్చుకుంటూ తిరిగింది. ఎనిమిదిమందిలో ఆఖరు.

"అమ్మా, నా బెస్ట్ టైమ్ ఆ అమ్మాయి టైమ్ కంటే ఎంత బెటర్?"

"పద్నాలుగు సెకన్లు."

"అంటే మొత్తం మీద నేను ఎన్నో ప్లేస్‌లో వచ్చేదాన్ని?"

అదీ అప్పటికే లెక్కవేసి ఉంచాను.

"ఆరు."

"ఓకే" అని బూట్ల సంచి జిప్పు లాగింది.