ముంజేతి మీది టేపు

రోజూ పొద్దున్నే షట్టర్ ఎత్తే ముందు హరిచంద్ దానికి నుదురు ఆనించి, "సేవాభాయా, ఎవలకూ ఏం కావద్దు" అని తమ తండా దేవుడికి మొక్కుకునేవాడు. కామారెడ్డి బస్టాండు పక్కన యూపీఎస్‌లు బాగుచేసే ఆ మనిషికి భయమెక్కువ. బాగైన యూపీఎస్‌ను బస్సులో ఊళ్లకు పంపాలంటే, లోపలి బ్యాటరీ వైర్లు ఊడదీసి, కొసలు ఒకదానికొకటి తాకి నిప్పు పుట్టకుండా టేపు చుట్టేవాడు. టేపు ముక్కలు ముందే కత్తిరించి ఎడమ ముంజేతికి అంటించుకునే అలవాటు వల్ల అక్కడ వెంట్రుకే మొలిచేది కాదు. అట్టపెట్టెలో చుట్టూ పాత చీరలు కుక్కేవాడు.

"బాలింతకు కట్టినట్టు కడుతున్నవేందిరా!" అని ఆ రోజు నవ్వింది ఈరవ్వ. దుకాణం ముందు కూరగాయలమ్మే ఆ ముసలమ్మ సెల్లుకు రోజూ చార్జింగు పెట్టేది అతడే. ఆమె ఎక్కిన ఎల్లారెడ్డి బస్సులోనే పెట్టెను వేసి వచ్చి చెమట తుడుచుకోబోతే, ముంజేతి మీది టేపు ముక్కలు రెండూ నుదుటికి తగిలాయి. మాటల్లో పడి చుట్టడం మరిచాడు. పెట్టె పక్కనే చంటిపిల్లతో ఒక తల్లి కూర్చోవడం తానే చూశాడు. పక్క దుకాణం అతని బండి అడిగి తీసుకుని, ఈరవ్వకు ఫోన్ చేశాడు.

"అవ్వా, కోపం కాకు. తాడ్వాయిల ఆ డబ్బను దింపిచ్చి, నువ్వు గూడ దిగు. ఎవలను ముట్టనియ్యకు."

"నా బస్సు పోతదిరా!"

"నేను బండి మీద వస్తున్న, నిన్ను ఇంటికాడ దింపుత. అప్పటిదాంక జర కావలి ఉండవ్వా... దానికి దూరంగ కూసో."